‘పాలు సాల్తలేవు’ అనే ముందు

కాన్పయి మూడు రోజులైంది. తల్లిగారింటికి వచ్చిన మొదటి రాత్రి. బిడ్డ గంటకోసారి లేచి ఏడుస్తోంది. రొమ్ములు చూస్తే ఇంకా మెత్తగానే ఉన్నాయి. "పాలు సాల్తలేవు బిడ్డా, ఇన్ని బర్రెపాలు పడదాం" అంటుంది ఇంట్లో పెద్దామె. ప్రేమతోనే అంటుంది. కానీ నల్లగొండలోనైనా పాలమూరులోనైనా, తల్లిపాలు అర్ధంతరంగా ఆగిపోయిన ఇళ్లల్లో చాలావరకు తప్పటడుగు పడేది ఈ రాత్రే. బిడ్డ కడుపు సీసాతో నిండుతుంది. రొమ్ము చప్పరించడం తగ్గుతుంది. తగ్గిన మేరకు పాలు నిజంగానే తగ్గుతాయి. వారం తిరిగేసరికి ఉత్త అనుమానం కాస్తా నిజమై కూర్చుంటుంది.

ఆ మాట అనే ముందు చూసుకోవాల్సినవి, చేయాల్సినవి ఇక్కడ చెబుతున్నాం. బాలింత ఒక్కతే చదివితే చాలదు. అమ్మ, అత్త, భర్త కూడా చదవాలి. అర్ధరాత్రి సీసా కలపాలా, లేక తల్లికి చెంబెడు నీళ్లిచ్చి పక్కన కూర్చోవాలా అనేది తేల్చేది వాళ్లే.

పాలు ఎట్లా ఊరుతాయి

రొమ్మును కుండ అనుకుంటే లెక్క తప్పుతుంది. అది ఎండిన వాగులో తీసుకున్న చెలిమె లాంటిది. తోడిన కొద్దీ ఊరుతుంది, తోడకుండా వదిలేస్తే ఊట ఆగిపోతుంది. బిడ్డ చప్పరించగానే తల్లి మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి రెండు హార్మోన్లను వదులుతుంది. ఒకటి ప్రొలాక్టిన్. పాలు తయారయ్యేది దీనివల్ల. ఇది రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది కాబట్టి, "రాత్రి తల్లి పండుకోనీ" అని సీసా పడితే పగటి పాలకు కూడా గండి పడుతుంది. రెండోది ఆక్సిటోసిన్. తయారైన పాలను చనుమొన వైపు తోసేది ఇది. మన ఆడవాళ్లు "చేపుకొచ్చినయ్" అనేది దీన్నే. నొప్పి, భయం, సిగ్గు చేపును ఆపేస్తాయి. నలుగురూ చుట్టూ నిలబడి "వస్తున్నయా, వస్తలేవా" అని అడుగుతుంటే లోపల పాలు ఉండి కూడా బయటికి రావు. బాలింత గదిలో ముందు చేయాల్సిన పని ఆ గుంపును బయటికి పంపడం.

మొదటి మూడు రోజులు

మామూలు కాన్పయినా, పెద్దాపరేషన్ అయినా, బిడ్డ బాగుంటే పుట్టిన గంటలోపే రొమ్ముకు పెట్టాలి. ఆపరేషన్ తల్లికి నడుముకిచ్చిన మత్తు ఉన్నా మెలకువగానే ఉంటుంది. నర్సు పట్టుకుంటే బిడ్డను ఆమె రొమ్ము మీద పడుకోబెట్టవచ్చు. ముందే డాక్టరుతో ఈ మాట అనుకొని ఉంటే పని తేలికవుతుంది. అంతకంటే ముందు, బట్టలేమీ లేకుండా తుడిచిన బిడ్డను తల్లి ఒంటికి ఆనించి పైన దుప్పటి కప్పితే బిడ్డకు వెచ్చదనం వస్తుంది, తల్లికి చేపు వస్తుంది.

మొదట వచ్చే చిక్కని, పసుపురంగు పాలే ముర్రుపాలు. వీటిని "పాడైన పాలు" అని పిండి పారబోయడం కొన్ని ఇళ్లల్లో ఇంకా ఉంది. రోగాలతో పోరాడే ప్రతిరక్షకాలు, విటమిన్ ఎ అన్నిటికంటే ఎక్కువ ఉండేది వీటిలోనే. బిడ్డ కడుపులోని నల్లటి మొదటి మలం తొందరగా బయటికి పోయేట్టు చేసేదీ ఇవే, దానివల్ల కామెర్లు ముదరడం తగ్గుతుంది.

ముర్రుపాలు కొంచెమే వస్తాయి, అంతే రావాలి. మొదటి 24 గంటల్లో బిడ్డ ఒక్కోసారి తాగేది 2 నుంచి 10 మి.లీ., అంటే అరచెంచా నుంచి రెండు చెంచాలు. రెండో రోజు 5 నుంచి 15 మి.లీ. మూడో రోజు 15 నుంచి 30 మి.లీ. నిండుగా తెల్లపాలు పడేది మూడో రోజుకో ఐదో రోజుకో. మొదటి కాన్పులో, ఆపరేషన్ తర్వాత ఒక రోజు ఆలస్యం కావచ్చు. కాబట్టి మూడో రోజు రాత్రి మెత్తటి రొమ్ము చూసి పాలు లేవని తేల్చడం తొందరపాటు. ఆ రాత్రి బిడ్డ మాటిమాటికీ లేవడం కూడా ఆకలితో పాటు పాలను రప్పించుకునే పనే. ఇట్లాంటి ఒకటి రెండు రాత్రులు ఓపిక పట్టాలి.

ఈ రోజుల్లో తేనె నాకించొద్దు. తేనెలో బొటులిజం (కండరాలు చచ్చుబడిపోయే జబ్బు) కలిగించే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు, ఏడాది లోపు పిల్లలకు అవి ప్రాణాంతకం. చక్కెర నీళ్లు, ఆముదం, వస, గ్రైప్ వాటర్, మంచినీళ్లు వేటి అవసరమూ లేదు. బిడ్డ రొమ్ములు ఉబ్బి ఉంటే పిండొద్దు. అది తల్లి హార్మోన్ల ప్రభావం, దానంతట అదే తగ్గుతుంది. పిండితే చీము పడుతుంది.

రొమ్ము పట్టించడం

పాలు చాలకపోవడం, చనుమొన పగలడం, రొమ్ము గడ్డకట్టడం, బిడ్డ బరువు పెరగకపోవడం అన్నీ వేరువేరు జబ్బుల్లా కనిపిస్తాయి. ఎక్కువసార్లు మూలం ఒక్కటే: బిడ్డ చనుమొనను మాత్రమే పట్టి చప్పరిస్తోంది. పాలు ఉండేది చనుమొనలో కాదు. దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం కింద, ఇంకా లోపల. ఆ నల్లటి భాగంలో చాలా మేరకు బిడ్డ నోట్లోకి పోవాలి.

తల్లి వీపుకు గోడో దిండో ఆనించి కూర్చోవాలి. ముందుకు వంగి రొమ్మును బిడ్డ నోటికి అందిస్తే నడుం నొప్పి, మెడ నొప్పి. బిడ్డనే రొమ్ము దగ్గరికి తేవాలి. ఒడిలో దిండు పెట్టుకుంటే చేతులు నొయ్యవు. బిడ్డ తల, వీపు, నడుము ఒకే గీతలో ఉండాలి. మెడ పక్కకు తిప్పి తాగడం ఎంత కష్టమో మీరే తల పక్కకు తిప్పి నీళ్లు మింగి చూడండి. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనాలి. ముక్కు చనుమొనకు ఎదురుగా ఉండాలి.

రొమ్మును కింద నాలుగు వేళ్లతో, పైన బొటనవేలితో ‘సి’ ఆకారంలో పట్టుకోండి. వేళ్లు నల్లటి భాగానికి దూరంగా ఉండాలి. కత్తెరలా రెండు వేళ్ల మధ్య చనుమొన పెట్టి పట్టే అలవాటు మానాలి. ఆ వేళ్లు నల్లటి భాగానికి అడ్డమొచ్చి బిడ్డ నోటిని చనుమొన దగ్గరే ఆపేస్తాయి. చనుమొనతో బిడ్డ పై పెదవిని తాకించి ఆగండి. బిడ్డ ఆవలించినంత వెడల్పుగా నోరు తెరుస్తుంది. ఆ క్షణంలో, భుజాల వెనక ఉన్న మీ చేత్తో బిడ్డను గబుక్కున దగ్గరికి తీసుకోండి. ముందు గడ్డం తగలాలి, తర్వాత పై పెదవి. తల వెనక చెయ్యి పెట్టి రొమ్ముకు అదమొద్దు. అట్లా చేస్తే బిడ్డ బెదిరి వెనక్కి తన్నుతుంది.

సరిగ్గా పట్టిందో లేదో నాలుగు గుర్తులు చెబుతాయి. నోరు వెడల్పుగా తెరిచి ఉంటుంది. కింది పెదవి బయటికి మడిచి ఉంటుంది. గడ్డం రొమ్ముకు ఆని ఉంటుంది. నల్లటి భాగం బిడ్డ నోటికి కిందికంటే పైన ఎక్కువ కనిపిస్తుంది. వీటితో పాటు చెంపలు గుంటలు పడకుండా నిండుగా ఉండి, మొదటి నిమిషం తర్వాత నొప్పి పోయి, చప్పరింపు, ఆగడం, ‘గుటుక్’ మని మింగడం వరసగా జరగాలి. ‘చప్ చప్’ మని చప్పుడు వస్తుంటే, చనుమొన సూదితో గుచ్చినట్టు నొస్తుంటే పట్టు తప్పు. అట్లాగే ఓర్చుకోవద్దు. శుభ్రమైన చిటికెన వేలు బిడ్డ నోటి మూల నుంచి లోపలికి పెట్టి పట్టు వదిలించి, మళ్లీ మొదటి నుంచి పట్టించండి. ఐదుసార్లు చేయాల్సి వచ్చినా ఫర్వాలేదు.

ఆపరేషన్ అయిన తల్లికి కుట్ల మీద బరువు పడకుండా రెండు దారులున్నాయి. పక్కకు తిరిగి పడుకొని బిడ్డను కూడా తనవైపు పక్కకు తిప్పి పట్టించడం ఒకటి. బిడ్డ కాళ్లు తల్లి చంక కింది నుంచి వెనక్కి పోయేట్టు, తల చేతిలో ఉండేట్టు పట్టుకోవడం రెండోది. కవలలకు, రొమ్ములు పెద్దగా ఉన్న తల్లులకు కూడా ఈ చంకపట్టు బాగా కుదురుతుంది.

చనుమొన లోపలికి ఉంటే బెంగపడొద్దు. బిడ్డ పట్టేది రొమ్మును, చనుమొనను కాదు. సాయం కావాలంటే 10 లేదా 20 మి.లీ. కొత్త సిరంజి తీసుకొని, సూది పెట్టే వైపు కొన కోసేసి, పిస్టన్‌ను ఆ కోసిన వైపు నుంచి తిప్పి ఎక్కించండి. నున్నగా ఉన్న రెండో వైపు చనుమొన మీద ఆనించి మెల్లగా లాగి, అరనిమిషం నుంచి నిమిషం పట్టి ఉంచాలి. నొప్పి పెడితే వదలండి. పాలిచ్చే ముందు ఇట్లా చేస్తే చనుమొన బయటికి వస్తుంది. దవాఖాన నర్సు ఒకసారి చేసి చూపిస్తే మంచిది.

ఎన్నిసార్లు, ఎంతసేపు

రోజుకు 8 నుంచి 12 సార్లు. గడియారం చూసి కాదు, బిడ్డను చూసి. బిడ్డ తల అటూ ఇటూ తిప్పుతుంది, పెదవులు చప్పరిస్తుంది, గుప్పిట నోట్లో పెట్టుకుంటుంది. అప్పుడే ఇవ్వాలి. ఏడుపు ఆకలికి చివరి గుర్తు. ఏడ్చి ఏడ్చి అలసిన బిడ్డ రొమ్ము సరిగ్గా పట్టదు. మొదటి నెలలో పగలు 3 గంటలు దాటి, రాత్రి 4 గంటలు దాటి పడుకుంటే లేపి ఇవ్వాలి. ఒక రొమ్ము పూర్తిగా తాగి తనే వదిలేదాకా ఉండి, తర్వాత రెండోది ఇవ్వండి. మొదట వచ్చే పాలు పలుచగా దాహం తీరుస్తాయి, వెనక వచ్చేవి వెన్న ఎక్కువై కడుపు నింపుతాయి. ఐదేసి నిమిషాలకు రొమ్ము మారిస్తే బిడ్డకు ఆ వెన్నపాలు తక్కువ అందుతాయి.

సాయంత్రంపూట గంటగంటకూ అడగడం, రెండు మూడు వారాలకు, ఆరో వారానికి, మూడో నెలకు ఒక్కసారిగా రెండు మూడు రోజులు విడవకుండా తాగడం మామూలే. బిడ్డ ఎదుగుతూ ఊటను పెంచుకుంటోంది. ఆరు వారాల తర్వాత రొమ్ములు మెత్తబడడం, పాలు కారడం ఆగడం కూడా పాలు తగ్గిన గుర్తు కాదు. ఊట బిడ్డ అవసరానికి సరిగ్గా కుదిరిందన్నమాట.

చాలుతున్నాయో లేదో లెక్క ఇది

ఏడుపు లెక్క కాదు. రొమ్ము గట్టిదనం లెక్క కాదు. పిండితే ఎన్ని చుక్కలొచ్చాయన్నది అసలే కాదు, ఎందుకంటే బిడ్డ లాగినంత బాగా చెయ్యి పిండలేదు. మూడే మూడు చూడాలి.

మొదటిది మూత్రం. పుట్టిన రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు, ఐదో రోజు నుంచి 24 గంటల్లో కనీసం 6 సార్లు, రంగు లేకుండా. డైపర్ వేస్తే ఈ లెక్క తెలియదు. మొదటి రెండు వారాలు పాత నూలుగుడ్డలే వాడండి.

రెండోది మలం. నల్లటి జిగట మలం మూడో రోజుకు ఆకుపచ్చగా, ఐదో రోజుకు ఆవాల రంగు పసుపుకు మారాలి. ఐదో రోజుకూ నల్లగానే ఉంటే పాలు అందడం లేదు. ఆరు వారాల తర్వాత రెండు మూడు రోజులు పోకపోయినా మలం మెత్తగా ఉంటే చాలు.

మూడోది బరువు. పుట్టిన తర్వాత కొంత తగ్గడం సహజం. 2 కిలోల 800 గ్రాముల బిడ్డ 200 గ్రాముల దాకా తగ్గితే ఫర్వాలేదు, 280 గ్రాములు, అంటే పదో వంతు తగ్గితే వెంటనే చూపించాలి. 10 నుంచి 14 రోజుల్లో పుట్టినప్పటి బరువుకు రావాలి. ఆపైన మూడో నెల దాకా రోజుకు 25 నుంచి 30 గ్రాములు, అంటే వారానికి సుమారు 200 గ్రాములు పెరగాలి. ఎప్పుడూ ఒకే కాటా మీద, బట్టలు తీసి తూచండి. దవాఖానలో కాన్పయిన బిడ్డను చూడడానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. వచ్చినప్పుడు బరువు తూచి మాతాశిశు కార్డులో రాయించుకోండి, రొమ్ము పట్టించి చూపించి "సరిగ్గా ఉందా అక్కా" అని అడగండి.

ఈ మూడూ సరిగ్గా ఉంటే పాలు చాలుతున్నాయి. ఇంక ఎవరు ఏమన్నా వినాల్సిన పనిలేదు.

నిజంగానే తక్కువైతే

ముందు పట్టు సరిచేయండి. తర్వాత మూడు రోజులు తల్లికి వంట పని, బట్టల పని, వచ్చీపోయే చుట్టాల పని ఏదీ పెట్టొద్దు. పగలు ప్రతి రెండు గంటలకు, రాత్రి మూడు గంటలకు రెండు రొమ్ములూ ఇవ్వాలి. బిడ్డ మింగడం ఆపి ఊరికే చప్పరిస్తుంటే రొమ్మును అరచేత్తో మెల్లగా అదిమి పట్టండి, పాలు మళ్లీ దిగుతాయి. తాగడం అయిన తర్వాత పది నిమిషాలు చేత్తో పిండి, ఆ పాలు కూడా ఉగ్గుగిన్నెతో పట్టండి. రోజులో వీలైనంత సేపు బిడ్డను తల్లి ఎదకు ఒంటికి ఒళ్లు ఆనించి ఉంచండి. సీసా, పాలపీక ఈ రోజుల్లో ఇంట్లోనే ఉండొద్దు. సీసా నుంచి పాలు వాటంతటవే కారుతాయి. దానికి అలవాటైన బిడ్డ రొమ్ము దగ్గర కష్టపడదు.

దీనికీ లొంగకపోతే వేరే కారణం వెతకాలి. మాయముక్క గర్భంలో మిగిలిపోవడం, కాన్పులో ఎక్కువ రక్తం పోవడం, థైరాయిడ్, తీవ్ర రక్తహీనత, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు తల్లి వైపు కారణాలు. బిడ్డ నాలుక కింది పొర బిగుసుకొని ఉండడం, నెలలు నిండకపోవడం, అంగిలి చీలిక బిడ్డ వైపువి. ఇవి డాక్టరు చూడాల్సినవి. పాలు పెరుగుతాయని అమ్మే పొడుల మీద డబ్బు పోసే ముందు ఈ పరీక్షలు చేయించండి. రొమ్ము ఖాళీ చేయకుండా ఏ పొడి తిన్నా ఊట పెరగదు.

పైపాలు తప్పనిసరి అయినా వరస ఇది: ముందు తల్లి పిండిన పాలు, అవి లేకపోతే పాల నిధి (వేరే తల్లులు ఇచ్చిన పాలు నిలవ ఉంచేచోటు) నుంచి శుద్ధి చేసిన తల్లిపాలు, ఆ తర్వాతే డాక్టరు రాసిన డబ్బాపాలు. నెలలు నిండక ముందే పుట్టి హైదరాబాద్ నీలోఫర్‌కు పోయిన పిల్లలకు అక్కడ పాల నిధి ఉంది. బర్రెపాలు, ఆవుపాలు ఏడాది నిండేదాకా తల్లిపాలకు బదులు కావు. వాటిలో ప్రోటీన్లు, ఉప్పు బిడ్డ మూత్రపిండాలు మోయలేనంత ఉంటాయి. నీళ్లు కలిపితే ఉప్పు తగ్గుతుంది, కానీ శక్తి కూడా తగ్గి బిడ్డ ఎండిపోతుంది.

మన నీళ్లు, మన ఎండ

ఈ ప్రాంతంలో తల్లిపాల మాట ఎత్తితే ఫ్లోరైడ్ మాట రాకుండా ఉండదు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు బోరు నీళ్లు ఎముకల్ని ఎట్లా వంచాయో చెప్పనవసరం లేదు. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అక్కడి బోర్లలో అంతకు ఎన్నోరెట్లు ఉండేది. ప్రతి తల్లికీ తెలియాల్సిన విషయం ఒకటుంది: తల్లి తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్నా పాలలోకి దిగేది చాలా చాలా తక్కువ. తల్లి ఒళ్లు దాన్ని ఆపేస్తుంది. అదే బోరు నీళ్లతో డబ్బాపాలు కలిపితే ఆ ఫ్లోరైడ్ మొత్తం బిడ్డ కడుపులోకి పోతుంది. కాచినా పోదు. నీళ్లు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. ఎముకలు, పళ్లు రూపుదిద్దుకునే వయసు అది. ఏ కారణంచేతనైనా డబ్బాపాలు కలపాల్సి వస్తే మిషన్ భగీరథ నల్లా నీళ్లో, ఫ్లోరైడ్ తీసిన నీళ్లో కాచి చల్లార్చి వాడండి. బోరు నీళ్లు వద్దు. బాలింత తాగడానికి కూడా అవే మేలు.

ఎండాకాలంలో 42, 43 డిగ్రీలు కొట్టినప్పుడు "పిల్లకు దూప అయితది, రెండు చెంచాల నీళ్లు పోయండి" అనిపించడం సహజం. పోయొద్దు. తల్లిపాలలో నూటికి 87 వంతులు నీళ్లే. నీళ్లతో కడుపు నిండితే బిడ్డ పాలు తక్కువ తాగుతుంది, పైగా ఆ నీళ్లతో విరేచనాలు వచ్చే ప్రమాదం. చేయాల్సింది ఇంకో రెండుసార్లు ఎక్కువ రొమ్ము ఇవ్వడం, బిడ్డను గట్టిగా చుట్టకుండా పలుచటి నూలుబట్టలో గాలి తగిలేచోట ఉంచడం. దూప తీర్చాల్సింది తల్లికి: ప్రతిసారీ పాలిస్తూ ఒక గ్లాసు నీళ్లు, మజ్జిగ, జావ.

ఆరు నెలలు నిండేదాకా, అంటే 180 రోజులు, తల్లిపాలు తప్ప ఏమీ వద్దు. డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు, మందులు, ఓఆర్‌ఎస్ మాత్రం ఇవ్వవచ్చు.

నొప్పులు, గడ్డలు

చనుమొన పగిలితే మందు పట్టు సరిచేయడమే. చివరన వచ్చే పాలచుక్కను పగులు మీద రాసి గాలికి ఆరనివ్వండి. ప్రతిసారీ సబ్బుతో కడగొద్దు, చర్మం ఎండి ఇంకా పగులుతుంది. తక్కువ నొప్పి ఉన్న రొమ్ముతో మొదలుపెట్టండి.

పాలు పడిన రోజు రొమ్ములు రాళ్లలా గట్టిపడి బిడ్డ పట్టలేకపోతే, గోరువెచ్చటి బట్ట రెండు మూడు నిమిషాలు వేసి, నల్లటి భాగం మెత్తబడేదాకా కొంచెం పిండి, అప్పుడు పట్టించండి. తర్వాత చల్లటి బట్ట వేస్తే వాపు తగ్గుతుంది. రొమ్ములో ఒకచోట ఎర్రగా, వేడిగా, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పిగా ఉండి చలిజ్వరం వస్తే అది రొమ్ము వాపు. ఆ రొమ్ము ఆపొద్దు. ఆ పాలు బిడ్డకు చెడు చేయవు, ఆపితే మాత్రం గడ్డ కట్టి చీము పడుతుంది. గట్టిగా పిసకొద్దు, నలుగు పెట్టొద్దు. చల్లటి కాపు, పారాసిటమాల్, విశ్రాంతి. 24 గంటల్లో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి, యాంటీబయాటిక్ మొదలైతే మధ్యలో మానొద్దు.

పథ్యం

బాలింతకు ఉత్త అన్నం, వెల్లుల్లి కారం, గుక్కెడు నీళ్లు పెట్టి నలభై రోజులు నెట్టుకురావడం పాత పద్ధతి. పప్పు తింటే కుట్లు చీము పడతాయని, పండ్లు తింటే బిడ్డకు జలుబు చేస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు. పాలిచ్చే తల్లికి మామూలు తిండి కంటే రోజుకు సుమారు 600 క్యాలరీలు ఎక్కువ కావాలి. అంటే ఒక పూట తిండి అదనం. పప్పు, కోడిగుడ్డు, తోటకూర, పుంటికూర, మునగాకు, జొన్నరొట్టె, పల్లీ బెల్లం ఉండలు, పెరుగు, జామపండు ఏవైనా తినవచ్చు. కూరలో ఫలానాది తిన్న ప్రతిసారీ బిడ్డకు ఇబ్బంది కనిపిస్తే అదొక్కటి మానండి, అన్నీ కాదు. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద బాలింతకు ఒక పూట అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు పెడతారు. సిగ్గుపడకుండా పోయి తినాలి. ఐరన్ మాత్ర రోజుకొకటి, కాల్షియం రోజుకు రెండు, కాన్పు తర్వాత ఆరు నెలలు. రెండూ కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు, రెండు గంటల తేడా ఉంచండి.

బలమొస్తుందని బాలింతకు కల్లు తాగించడం మాత్రం పూర్తిగా మానాలి. కల్లులోని మద్యం పాలలోకి పోతుంది. దానికి తోడు కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి బిడ్డను మత్తులో ముంచి, పాలు తాగే ఓపిక కూడా లేకుండా చేస్తాయి.

తల్లికి ఏం దక్కుతుంది

బిడ్డ చప్పరించినప్పుడు పొత్తికడుపులో నొప్పి వస్తుందని కొత్త తల్లులు భయపడతారు. అది మంచి నొప్పి. ఆక్సిటోసిన్ గర్భసంచిని ముడుచుకునేట్టు చేసి రక్తం పోవడం తగ్గిస్తుంది. రక్తహీనత ఇంతగా ఉన్న మన ఆడవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పాలిచ్చిన ప్రతి 12 నెలలకు రొమ్ము క్యాన్సర్ ముప్పు నూటికి 4 వంతుల చొప్పున తగ్గుతుందని పెద్ద అధ్యయనాలు చూపించాయి. అండాశయ క్యాన్సర్, షుగర్ ముప్పు కూడా తగ్గుతుంది. బిడ్డకైతే విరేచనాలు, నిమ్ము, చెవిలో చీము తక్కువ.

కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం కోసం కూడా పాలివ్వడాన్ని వాడుకోవచ్చు, కానీ మూడు షరతులూ ఒకేసారి ఉండాలి: బిడ్డకు ఆరు నెలలు దాటకూడదు, ముట్టు తిరిగి రాకూడదు, రాత్రీపగలూ తల్లిపాలు తప్ప ఇంకేమీ ఇవ్వకూడదు. మూడూ ఉంటే 98 శాతం రక్షణ. ఒక్కటి తప్పినా వేరే పద్ధతి కావాలి. గర్భం రాకుండా వాడే ఛాయ మాత్ర, కాపర్‌టీ, ఆరు వారాల తర్వాత అంతరా ఇంజెక్షన్ పాలిచ్చే తల్లికి పనికొస్తాయి.

పనికి పోవాల్సి వస్తే

పత్తి ఏరడానికో, నాట్లకో బిడ్డను వెంట తీసుకుపోతే చెట్టుకింది ఊయలలోనే పాలివ్వవచ్చు. మందు కొట్టిన చేనులో పనిచేసి ఉంటే ముందు చేతులు, రొమ్ము సబ్బుతో కడిగి, పైబట్ట మార్చి అప్పుడు ఎత్తుకోండి. బిడ్డను ఆ చేనుకు గాలి వాలుగా ఉంచొద్దు.

ఇంట్లో వదిలి పోవాలంటే పాలు పిండి పెట్టాలి. పనికి పోయే రెండు వారాల ముందు నుంచే అలవాటు చేసుకోండి. చేతులు సబ్బుతో కడిగి, వెడల్పు మూతి స్టీలు గిన్నెను, మూతను పది నిమిషాలు నీళ్లలో ఉడికించి ఆరబెట్టండి. రొమ్మును వేళ్లతో మెల్లగా నిమురుతూ, బిడ్డను తలుచుకుంటే చేపు తొందరగా వస్తుంది. బొటనవేలు నల్లటి భాగం పైఅంచున, చూపుడువేలు కిందిఅంచున పెట్టి, ముందు ఎద వైపు వెనక్కి నొక్కి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరికి అదిమి వదలాలి. నొక్కడం, అదమడం, వదలడం అంతే. చర్మం మీద వేళ్లు జార్చొద్దు, చనుమొనను లాగొద్దు. ఒకటి రెండు నిమిషాలు ఏమీ రాకపోయినా ఆపొద్దు. ధార తగ్గగానే వేళ్లు కొంచెం తిప్పి వేరే వైపు నొక్కండి. ఒక్కో రొమ్ము 3 నుంచి 5 నిమిషాలు, మళ్లీ మొదటిది, మొత్తం 20 నుంచి 30 నిమిషాలు. నొప్పి వస్తే పద్ధతి తప్పు.

గది 25 డిగ్రీల లోపు ఉంటే పిండిన పాలు 4 గంటలు ఆగుతాయి. మన ఎండాకాలం గదిలో గంటలోపే పట్టేయాలి. ఫ్రిజ్‌లో వెనక భాగాన, తలుపులో కాకుండా, 24 గంటల దాకా ఉంచండి. కరెంటు పోయి ఫ్రిజ్ చల్లదనం పోతే ఆ పాలు నమ్మొద్దు. పైన వెన్న తేలితే పాడైనట్టు కాదు, మెల్లగా తిప్పి కలపండి. పొయ్యి మీద కాచొద్దు, గిన్నెను వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేసి ఉగ్గుగిన్నెతో, బిడ్డను కూర్చున్నట్టు పట్టుకొని, పెదవికి ఆనించి తననే జుర్రుకోనివ్వండి. గొంతులో పోయొద్దు.

ఉద్యోగం చేసే తల్లికి చట్టప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు ఉంది. తిరిగి చేరిన తర్వాత బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలి. 50 మంది పనిచేసే చోట శిశుసంరక్షణ గది ఉండాలి. కూలికి పోయే తల్లికి ఇవేవీ అందడం లేదన్నది మన సిగ్గు.

జబ్బు చేసినప్పుడు

జలుబు, మామూలు జ్వరం, డెంగీ, విరేచనాలు ఏవీ పాలు ఆపడానికి కారణం కావు. టీబీ ఉంటే మందులు వాడుతూ, ముఖానికి మాస్కు కట్టుకొని ఇవ్వాలి. బిడ్డకు ముందుజాగ్రత్త మందు డాక్టరు రాస్తారు. హెపటైటిస్ బి ఉంటే బిడ్డకు 24 గంటల్లోపు టీకా, దాంతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల) ఇంజెక్షన్ వేయించి పాలివ్వవచ్చు. హెచ్‌ఐవీ ఉన్న తల్లి ఆ వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఒక్కరోజు తప్పకుండా వేసుకుంటూ ఆరు నెలలు తన పాలే ఇవ్వాలి. కొన్నిసార్లు రొమ్ము, కొన్నిసార్లు పైపాలు ఇవ్వడమే ప్రమాదం. క్యాన్సర్ మందులు వాడే తల్లి, గెలాక్టోసీమియా (పాలలోని చక్కెర ఒంటికి పడని పుట్టుజబ్బు) ఉన్న బిడ్డ విషయంలో డాక్టరు చెప్పినట్టే చేయాలి.

బిడ్డ పాలు తాగడం మానేసినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, ఒళ్లు చల్లబడినా, జ్వరం వచ్చినా, నిమిషానికి 60 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, ఫిట్స్ వచ్చినా, పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినా, ఐదో రోజు తర్వాత రోజంతా మూడుసార్లకు మించి మూత్రం పోయకపోయినా చిట్కాలు వద్దు. 108కి ఫోన్ చేయండి. దారిలో కూడా బిడ్డను తల్లి ఎదకు ఆనించే ఉంచండి.

ఆరు నెలల తర్వాత

మెత్తగా మెదిపిన పప్పన్నం, గుడ్డు, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం మొదలుపెట్టి, తల్లిపాలు రెండేళ్లు, వీలైతే ఆపైన కూడా కొనసాగించాలి. మాన్పించేటప్పుడు చనుమొనకు వేపాకు రసం పూసి ఒక్కరోజులో ఆపితే బిడ్డ బెంగపడుతుంది, తల్లికి రొమ్ము గడ్డకడుతుంది. పగటిపూట ఒక్కసారి పాలు తగ్గించి వారం ఆగండి, తర్వాత ఇంకోసారి. పడుకునే ముందు పాలు చివరికి మిగిలించండి. ఆ రోజుల్లో రొమ్ముల మీద బట్ట బిగించి కట్టొద్దు. గట్టిపడితే నొప్పి తగ్గేంత వరకే పిండి, చల్లటి బట్ట వేసుకోవాలి.